చాంబా పాటకు ఒక్క మనిషి

పడవల కొట్టం వాళ్ళకి, కుండల వాళ్ళకి, బొమ్మలు వేసేవాళ్ళకి, ఫిడేలు బృందాల వాళ్ళకి, పొద్దుటి ఓడలో పెద్ద దీవి నుంచి వచ్చినవాళ్ళకి, అందరికీ నమస్కారం. చర్చి హాలు చాలక బయట ఎండలో నిలబడ్డవాళ్ళు కాస్త ఓర్చుకోండి. ఎక్కువసేపు మాట్లాడను.

మంగళవారం మధ్యాహ్నం మనందరి పెద్దమ్మ, టాంటీ యూలాలీ బెదో పోయింది. వంటింట్లో మొక్కజొన్న పిండి కలుపుతూ కుర్చీలో ఒరిగిపోయింది. కూతురు మెర్లీన్ పక్కనే ఉంది. గుండె అన్నాడు డాక్టరు. ఇదంతా మీకు తెలిసిందే. తెలిసి కూడా మనం మాట్లాడుకోని సంగతి ఒకటుంది. అది చెబుదామని లేచాను.

మన పెతీ సాలీన్‌లో కళకి కొదవ ఉందా? లేదు. పాత ఉప్పు గిడ్డంగిలో కుండలు కాలుస్తున్నారు. తెరచాపలు కుట్టే చోట బొమ్మలు వేస్తున్నారు. పండగ వారం వస్తే ఓడలో నిలబడడానికి చోటుండదు. నేను ఈ దీవి వార్తలు రాయడం మొదలుపెట్టినప్పుడు ఇవేవీ లేవు. ఇప్పుడున్నాయి. సంతోషమే. కానీ ఇంత సందడి మధ్య టాంటీ ఒక్కతే ఆడేది. అది మనందరం చూశాం.

పెద్ద దీవి వాళ్ళ కోసం ఒక్క మాట. పెద్ద డోలు ఆటలో మా దగ్గర, ఆఫ్రికా నుంచి వచ్చిన తాతముత్తాతల లెక్కన, తెగకొక పాట ఉంటుంది. ఏ తెగ పాట వస్తే ఆ తెగ వాళ్ళే వలయంలోకి దిగాలి. తెగ తండ్రి నుంచి వస్తుంది. క్రొమాంటీ పాటకి సగం ఊరు దిగుతుంది. ఈబో పాటకి దుమ్ము లేస్తుంది. చాంబా పాటకి టాంటీ దిగేది. తండ్రి ఎప్పుడో పోయాడు. అన్న అరూబా దీవిలో చమురు కర్మాగారానికి పనికి వెళ్ళి, పెళ్ళి కాకుండానే అక్కడ పోయాడు. ఇక మిగిలింది ఎవరు? ఆవిడే.

నాలుగేళ్ళ కిందటి పండగ గుర్తుందా? మన కళల కమిటీ పెద్ద హిలరీ క్వాషీ, పాపం మంచి మనసుతోనే, బడి ఆడపిల్లలకి పాట నేర్పించి, గంజి పెట్టిన లంగాలు తొడిగించి, టాంటీకి తోడుగా వలయంలోకి పంపాడు. ఆవిడ రెండు అడుగులు వేసింది. పిల్లల్ని చూసింది. వెళ్ళి డోలు మీద అరచెయ్యి పెట్టింది. డోలు మీద చెయ్యి పడితే ఆట ఆగాల్సిందే. ఆగింది. అప్పుడేమంది? “హిలరీ, నీ మనసు మంచిదే నాయనా. కానీ ఇది పెళ్ళి విందనుకున్నావా, ఖాళీ కుర్చీల్లో పక్కూరి వాళ్ళని కూర్చోబెట్టడానికి?”

తర్వాత పిల్లల వైపు తిరిగింది. “నువ్వెవరి పిల్లవే? గ్లాస్గో ముసలాడి కొడుకు కూతురివా? అయితే నువ్వు క్రొమాంటీవి. మీ తాత చెప్పలేదూ? నోరు రమ్ తాగడానికే తెరుస్తాడా ఆ ముసలి గాడిద?” ఆ ముసలి గాడిద ముందు వరసలోనే కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

ఆ పిల్లల్ని ఆవిడ వదల్లేదు. ఆదివారాలు వరండాలో కూర్చోబెట్టి, వేయించిన చేపలు పెట్టి, ఎవరి తెగ పాట వాళ్ళకి నేర్పింది. ఇప్పుడు పండగలో ఆడే అమ్మాయిలంతా అక్కడ తయారైనవాళ్ళే. వాళ్ళలో చాంబా పిల్ల ఒక్కతీ లేదు.

మెర్లీన్, నీ మాట చెప్పకుండా ఉండలేను. మీ నాన్న సమాధి రాయి నిలబెట్టిన విందులో, మీ అమ్మ పాట వచ్చినప్పుడు నువ్వొక కాలు వలయంలో పెట్టావు. మీ అమ్మ అడుగు తప్పకుండానే వచ్చి, నడుముతో నిన్ను బయటికి నెట్టింది. “అవతలికి పోవే! క్రొమాంటీ కూతురు ఇటొచ్చిందని మీ నాన్న ఆ రాయి తన్నుకుని లేచొస్తాడు!” అంది. జనం నవ్వారు. నువ్వు నవ్వలేదు.

తర్వాత నేను అడిగాను: తోడు వద్దా టాంటీ అని. చెయ్యి కడుక్కుంటూ చెప్పింది. “వద్దని ఎవరన్నారు? పాట వేసేది మా నాన్న కోసం, అన్న కోసం. వాళ్ళొస్తే చోటుండాలి కదా. అందుకే నేను ఒక్కదాన్నే ఆడుతున్నానని అనుకోను.” చెయ్యి తుడుచుకుని అంది: “ఎక్కువసార్లు ఒక్కదాన్నే అనిపిస్తుందిలే.”

ఇప్పుడు అసలు విషయం. ఆవిడకి మోకాళ్ళు పూర్తిగా పోయాక, ఆడేవాళ్ళు లేని పాట పండగలో ఎందుకని కమిటీలో మాట వచ్చింది. ఆవిడ డోలు కొట్టే కాజ్మస్ చేత కబురు పంపింది. “పాట వాయించండి. వలయం ఖాళీగా ఉంచండి. చూసేవాళ్ళకి విసుగొస్తే వెళ్ళి బీరు తాగి రమ్మనండి.” కమిటీ అది ఇంకా తేల్చాలి. రేపు సాయంత్రం సమావేశం. హిలరీ చెడ్డవాడు కాడు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఖాళీ నేలని ఎంతసేపు చూస్తారని అతను అడిగింది సరైన ప్రశ్నే. నాకు తెలిసింది ఇంతే: ఈ దీవిలో ఇందరికి ఆట నేర్పిన మనిషి మనల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడిగింది ఈ ఒక్కటే. కమిటీలో ఉన్నవాళ్ళు రేపు చెయ్యెత్తే ముందు అది తలుచుకోండి.

ఇక మౌనం పాటిద్దాం. సంతాప సభలో పోయినవాళ్ళ తెగ పేరు పిలవడం, ఆ తెగ వాళ్ళు ముందు లేవడం, వాళ్ళ వెనక మనం లేవడం మన పద్ధతి. పద్ధతి ప్రకారం పిలుస్తున్నాను.

చాంబా.

చాంబా.

ముందు లేవాల్సినవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి ఎవరికోసమూ చూడకండి. మెర్లీన్, నువ్వు కూడా అమ్మా. అందరూ ఒక్కసారే లేచి నిలబడండి.