సీడీలోంచి దిగిన నలుగురు

"మరుపొచ్చిందని రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారట. సరే, నాకెంత మరుపొచ్చిందో మీరే తేల్చండి," అంది దర్జీ పెద్దమ్మ, వరండాలో పడక్కుర్చీలో వాలి. ఎదురుగా మెట్ల మీద ఆవిడ చెల్లెలు, చెల్లెలి కూతురు, పక్కింటి కరెంటు మేస్త్రీ కూర్చున్నారు. వెలుగు పల్చబడుతోంది.

"కొట్టు పెట్టిన కొత్తలో మాట. పాత సామాన్ల అంగట్లో ఒక సీడీ కొన్నాను. ఇంగ్లండు కుర్రాళ్ళు నలుగురు గిటార్లు పట్టుకుని, పెద్ద కంపెనీల చుట్టూ తిరక్కుండా సొంతంగా పాడుకున్న పాటలు. వాళ్ళ దేశంలో ఇప్పటికీ తలుచుకుంటారట. అట్ట మీద నీలం తలుపు బొమ్మ. అలాంటి నీలంలో అస్తరు గుడ్డ ఎక్కడా దొరకదు, అందుకే కొన్నాను."

"నీకు ఇంగ్లీషేం తెలుసక్కా?"

"పాటకి ఇంగ్లీషెందుకే? మధ్యలో పుల్ల పెట్టకు. ఆ రోజు వాన. ఒక్కదాన్నే కాజాలు కుట్టుకుంటూ సీడీ పెట్టాను. మొదటి పాటకి, నేను కాలు పెట్టకుండానే మిషను ఆడింది."

"మోటారు మిషనేమోనండి," అన్నాడు మేస్త్రీ.

"తొక్కుడు మిషను నాయనా. రెండో పాటకి సూదులు దిండులోంచి లేచి, కిందికి రావడం మానేసిన చినుకుల్లా గాల్లో నిలబడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తానులు వాటంతటవే విచ్చుకుని గుమ్మం దాటి వీధిలోకి పారాయి, జనం మోకాళ్ళ లోతు పట్టులో చప్పుడు లేకుండా నడిచారు, దండేల మీద చొక్కాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నాయి. అప్పుడు అట్ట మీది ఆ నీలం తలుపు తెరుచుకుని నలుగురూ బయటికొచ్చారు, తడిసి ముద్దయి. ఒకడి కోటుకి గుండీ లేదు. కుట్టిపెట్టి, కూలి వద్దు, పాడండి అన్నాను."

"పాడారా?" అంది చెల్లెలి కూతురు.

"పాడటమేమిటి, కొట్టు లేచింది! మెల్లగా, నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు. డాబాలు, నీళ్ళ ట్యాంకులు కిందికి వెళ్ళిపోయాయి. చేతికి మబ్బు అంచు తగిలింది. చిరిగుంది, వాన అక్కణ్ణించే కారుతోంది. నాలుగు టాకాలు వేశాను, ఊరంతా వాన ఆగింది. కావలిస్తే ఆ వీధివాళ్ళని అడగండి."

"వాళ్ళంతా ఇళ్ళు మారిపోయారుగా," అంది చెల్లెలు.

"అందుకే నన్నడుగు. ఆ మబ్బు పక్కన నించుని వాళ్ళలో సన్నటివాడు పాడాడు. మైకు లేదు, సీడీ లేదు, ఉత్త నోటితో. ఆ పాట ఒక్క ముక్క మరిచిపోలేదు నేను."

పెద్దమ్మ కళ్ళు మూసుకుని రాగం అందుకుంది. పొగలా మెల్లగా పైకి లేచింది పాట. ఒకచోటికొచ్చి అక్కడే ఇరుక్కుంది. "లా లలా... లా లలా... లా లలా..."

చెల్లెలు కూతురి వైపు చూసింది. పాలు కాచానా అని పొద్దున్న కూడా పెద్దమ్మ ఇలాగే మళ్ళీ మళ్ళీ అడిగింది. "లా లలా... లా లలా..." చెల్లెలు కొంగు కళ్ళకి అద్దుకుంది. మేస్త్రీ తల దించుకున్నాడు.

పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే కుర్చీ చెయ్యి మీద వేలితో టక్కుమని కొట్టింది. పాట ముందుకు సాగిపోయింది.

చెల్లెలి కూతురు ఒక్కసారిగా నవ్వింది. "పెద్దమ్మా, పాట అక్కడ ఇరుక్కునేది మన సీడీ మీద గీత ఉండబట్టి. నువ్వు ప్లేయర్ని వేలితో కొడితే దాటేది. నేను చిన్నప్పుడు నీ బల్ల కింద పడుకుని రోజూ విన్నాను. మబ్బు పక్కన ఉత్త నోటితో పాడినవాడికి గీత ఎక్కణ్ణించి వచ్చింది?"

పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది. "వానకి వాడి గొంతు పట్టేసింది."

"మీరు కుర్చీని కొడితే వదిలిందాండీ?" అన్నాడు మేస్త్రీ.

పెద్దమ్మ వేలు చీరకుచ్చెళ్ళలో దాచుకుంది. చెల్లెలి కూతురు వచ్చి ఆ చెయ్యి బయటికి తీసి పట్టుకుంది. "కోతలన్నీ కోతలే. కానీ గీతతో సహా గుర్తుంది నీకు."

చెల్లెలు ముక్కు తుడుచుకుని లేచింది.

"రేపు డాక్టరుగారు అడిగితే పాట పాడక్కా. కథ మాత్రం ఎత్తకు."