షాక్ ఇవ్వని చెయ్యి

రాజమండ్రిలోని ఒక ఆసుపత్రి శిక్షణ గది. మిగతా నర్సులు భోజనానికి వెళ్ళాక, థియేటర్ నర్సు ఆశాజ్యోతి, ఆగిన గుండెకి మెషిన్‌తో షాక్ ఇవ్వడంలో శిక్షణ ఇవ్వడానికి వచ్చిన డాక్టరు మాత్రం నేల మీద పడుకోబెట్టిన బొమ్మ దగ్గర మిగిలారు.

"మూడుసార్లూ షాక్ బటన్ దగ్గరే ఆగిపోయారు. మీకు రాదంటే నేను నమ్మనండి."

"వచ్చు సార్. చెయ్యి కదలడం లేదు."

"ఎందుకని?"

"నిరుడు ఆపరేషనయ్యి రికవరీ గదిలో ఉన్న ఒకావిడకి గుండె ఆగింది సార్. డాక్టర్లంతా థియేటర్లో ఉన్నారు. కబురు పంపి, ఛాతీ నొక్కుతూ ఉన్నాను. షాక్ మెషిన్ ఆవిడకి తగిలించే ఉంది. షాక్ ఇవ్వాలని తెర మీద గీత చూస్తే తెలిసిపోయింది. కానీ డాక్టరుగారు వచ్చి చెప్పాలి కదా అని ఆగాను."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు. ఆవిడ బతకలేదు. వాళ్ళమ్మాయి నా చేతులు పట్టుకుని, మా అమ్మ కోసం చాలా కష్టపడ్డారండీ అంది."

డాక్టరు షాక్ మెషిన్‌ని ఆమె వైపు జరిపాడు.

"శిక్షణ ఉన్న నర్సు షాక్ ఇవ్వొచ్చని ఇవాళ చదివారు కదా, ఆ రూలు కొత్తదేనా సార్?"

"మీ ఆసుపత్రిలో నాలుగేళ్ళ నుంచీ ఉందండి."

"నాకెవరూ చెప్పలేదు." ఆమె బొమ్మ వైపు చూసింది. "వెంటనే ఇచ్చుంటే బతికేదా?"

"బతికేదని చెప్పలేనండి. బతికేది కాదనీ చెప్పలేను."

ఆమె బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గదిలో ఇద్దరే ఉన్నా, "అందరూ దూరం జరగండి" అని గట్టిగా చెప్పింది. డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె బటన్ నొక్కింది.

"సరిగ్గా చేశారండి."

"ఇంత తేలికా సార్?" అంది ఆమె.