నాలుగో పాదం

ఇక్కడికి వచ్చిన పెద్దలకు, పిల్లలకు, మా తమ్ముడి బేకరీ గుమ్మం ఒక్కసారైనా తొక్కిన ప్రతి ఒక్కరికీ నమస్కారం. కుర్చీలు చాలక పక్కింటి నుంచి బల్లలు తెచ్చారు. వాడు చూసి ఉంటే మనందరినీ వరసల్లో లెక్కపెట్టేవాడు.

నాకు ఎక్కువ మాట్లాడడం రాదు. మా ఇంటి మాటలన్నీ వాడి వాటాకే పోయాయి.

వాడిని మేం బొంగరం అనేవాళ్లం. కూర్చుంటే కాలు ఆడేది, నిలబడితే చెయ్యి ఆడేది. పధ్నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పి, ఉన్నట్టుండి మానేసి బేకరీ పెట్టాడు. ఇదేం పిచ్చిరా అంటే, "అక్కా, భిన్నాలు అక్కడ బోర్డు మీదుండేవి. ఇక్కడ తినొచ్చు" అన్నాడు.

వాడి పద్ధతి మీకు తెలుసు. ప్రతి కేకు పెట్టె మూత మీద ఒక పద్యంలో మూడు పాదాలు రాసేవాడు. నాలుగోది కొన్నవాళ్లు రాయాలి. రాసి తెస్తే ఒక బన్ను. బాగున్నా బన్నే, బాగోకపోయినా బన్నే.

ఒకసారి ఎవరింట్లోనో పుట్టినరోజు. మూత మీద ఇలా రాశాడు:

ఎనిమిది నోళ్లు, కేకు ఒక్కటి,
కత్తి గాట్లు మూడే మూడు,
ఎలా కోస్తావో చెప్పు చూద్దాం...

రాసి ఊరుకున్నాడా? తనే వెళ్లి కోశాడు. పైనుంచి రెండు గాట్లు, నడుముకు అడ్డంగా ఒకటి. ఎనిమిది ముక్కలూ సమానం. కానీ క్రీమంతా పై నాలుగు ముక్కలకే! కింది ముక్కలు వచ్చిన నలుగురు పిల్లలూ ఏడుపు లంకించుకున్నారు. క్రీము గిన్నె కోసం బేకరీకి పరుగెత్తాడు. మర్నాడు ఆ ఇంటి తల్లి మూత తిరిగి పంపింది, నాలుగో పాదంతో:

క్రీము అందరికీ అందేలా చూడు!

ఆ మూతను గోడకు మేకు కొట్టి తగిలించుకున్నాడు. దాని కిందే రోజూ పిండి కలిపేవాడు.

వాడు పోయిన రోజు ఉదయం కూడా నా దగ్గరికి వచ్చాడు. నేను ప్రార్థనలో ఉన్నాను. మైదా చేతులతోనే మూత ఒకటి నా ముందు పెట్టాడు.

గుండ్రని కేకుకు మూలే లేదు,
కోసిన ముక్కకు మూలొకటుంది,
ముక్క తీస్తే మిగిలేదెంత...

"అక్కా, నాలుగోది నువ్వు" అన్నాడు. అందరి చేతా రాయించాడు, నా చేత ఒక్కసారీ రాయించలేకపోయాడు. తర్వాత చూద్దాం పోరా అన్నాను. గంట తిరక్కుండా ఓవెన్ ముందే కూలబడ్డాడు.

తొమ్మిది రోజులైంది. ముప్పై ఏళ్లుగా కుదురుగా ప్రార్థనకు కూర్చున్న మనిషిని. ఇప్పుడు కూర్చుంటున్నాను, లేస్తున్నాను, గది చుట్టూ తిరుగుతున్నాను, మళ్లీ కూర్చుంటున్నాను. రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. ముప్పావు అని రాశాను. అబద్ధం. సున్నా అని రాశాను. మా మరదలి ముఖం చూసి అదీ కొట్టేశాను. దేవుణ్ణి ఏం అడగాలి? శాంతి అడగనా? పాదం అడగనా?

ఇదిగో, ఆ మూత నా చేతిలోనే ఉంది. ఈ గదిలో ఎంతమంది వాడి పెట్టెల మీద రాశారో నాకు తెలియదు. నేనొక్కదాన్నే రాయలేదు.

అమ్మా, అయ్యా, పిల్లలూ... దయచేసి అందరూ లేచి నిలబడండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు.

మీ అందరిలో ఎంత మిగిలిందో నన్ను చూసుకోనివ్వండి.