మూడోసారి రేకు మోగలేదు

పోలీసు అధికారి గారికి,

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఐదో తరగతి వరకే చదివాను. ఎడమ కంటికి కట్టు ఉంది, అక్షరాలు గీత దాటిపోతున్నాయి. ఉదయం మీరు అడిగినవి నేను నోటితో చెప్పలేను. అందుకే రాసిస్తానని నర్సు షాలిని గారితో చెప్పించాను. ఆమె దీన్ని మీకు అరబ్బీలో చెబుతారు.

నా పేరు సాబేరా. వయసు ఇరవై మూడు. భర్త పేరు దస్తగిరి. మాది కడప జిల్లా రాయచోటి. రియాద్‌లో మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో ఖద్దామాగా ఇంటి పని చేస్తాను. ఆయన్ని బాబా అని పిలుస్తాం. బతా బజారులో గాలి తుపాకులు అమ్మే చిన్న అంగడి ఉంది. బోర్డు మీద పేరు బాబాది. తొమ్మిదేళ్లుగా నడుపుతున్నది నా భర్త. అల్ ఖర్జ్ పాల ఫారాల వాళ్లు దాణా మీద వాలే పావురాలను కొట్టడానికి అక్కడే కొంటారు.

గాలి తుపాకులకు కూడా లైసెన్సు పెడతారని, విదేశీయులు వాటిని అమ్మకుండా చట్టం వస్తుందని ఈ మధ్య చెప్పుకున్నారు. అది విన్నప్పటి నుంచి నా భర్తకు అన్నం సహించలేదు. "పావురాన్ని తోలేదానికి గూడా లైసెన్సంట. రేపు ఉండేలుకు గూడా అడుగుతారులే" అనేవాడు. చట్టం వద్దని అర్జీ టైపు చేయించాడు. తెచ్చి నాకు తెలుగులో చెప్పి వినిపించాడు. మా అంగట్లో అమ్మిన తుపాకీతో ఇంతవరకు ఒక్క మనిషికి కూడా గీసుకుపోలేదని అందులో ఉంది.

13-2-2004 శుక్రవారం, సంతకాల కోసం బాబా మిగతా అంగళ్ల యజమానులను ఊరి బయట ఇస్తిరాహాకు పిలిచాడు. అది సెలవు రోజుల్లో గడిపే తోట ఇల్లు. మగవాళ్లు చెట్ల కింద కూర్చున్నారు. వాళ్లకు కనిపించకుండా అడ్డంగా కట్టిన పరదా వెనక నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. నా గొంతు కూడా వాళ్లకు వినపడకూడదని ముందే చెప్పారు.

అసర్ నమాజు అయ్యాక, సుమారు నాలుగు గంటలకు, ఒక పెద్దమనిషి సంతకానికి వెనకాడాడు. బాబా నవ్వి, ఇది ఆటబొమ్మ, చూపిస్తానన్నాడు. నా భర్త నెయ్యి డబ్బా రేకు మూతను పరదా తాడుకు కట్టాడు. బాబా కాల్చాడు. రేకు మోగింది. మళ్లీ కాల్చాడు. మళ్లీ మోగింది. మూడోసారి రేకు మోగలేదు.

నేను అరవలేదు. తలమీది గుడ్డ నోట్లో కుక్కుకున్నాను. అవతల అందరూ నవ్వుతున్నారు. బాబా గురి తప్పినందుకు నవ్వారు. కుళాయి నీళ్లు పారుతూనే ఉన్నాయి. చేతిలోని గ్లాసు పగలలేదు.

కాసేపటికి నా భర్త ఖాళీ గ్లాసులతో వచ్చి చూశాడు. మొదట అడిగిన మాట, "అరిచినావా?"

లేదన్నాను.

"మంచి పని చేసినావు. వాళ్లు పోనీ."

వాళ్లు అందరూ సంతకాలు పెట్టి, పొద్దుగూకి, మగ్రిబ్ నమాజు అయ్యాక వెళ్లారు. ఆ తర్వాతే నన్ను ఆసుపత్రికి తెచ్చారు. ఎడమ కన్ను ఇక కనిపించదని డాక్టరు చెప్పారు.

శనివారం ఉదయం నా భర్త ఒక అరబ్బీ కాగితం తెచ్చాడు. ఆసుపత్రిదన్నాడు. సంతకం చేస్తానంటే, "వద్దు, వేలు పెట్టు చాలు" అన్నాడు. పెట్టాను. భర్త తెచ్చిన కాగితం కదా అని పెట్టాను. తర్వాత షాలిని గారు అది చూసి నా మంచం దగ్గరికి వచ్చారు.

"ఏంటమ్మాయ్ ఇది? కంట్లోంచి తీసిన సీసపు గుండుని నా చేత్తోనే సీసాలో వేశాను. నువ్వేమో మాంసం కాల్చే చువ్వ గుచ్చుకుందని వేలిముద్ర వేశావు. చదువు కూడా రాదని రాయించావు."

జరిగింది ఆమెకు చెప్పాను, ఆమే మీకు తెలిపారు. ఆ కాగితం గురించి నిన్న నా భర్తను అడిగాను. తల వంచుకుని చెప్పాడు.

"బుధవారం అర్జీ పోతుంది. అంతదాకా చువ్వే అను. నిజం చెప్తే అంగడి మూస్తారు, బాబా నన్ను ఊరికి పంపిస్తాడు. కన్ను ఎట్లా పోయినా పోయిందే గదా. అంగడి గూడా పోవాల్నా?"

దానికి నా జవాబు ఇప్పుడు చెబుతున్నాను. అది చువ్వ కాదు. మా అంగడి తుపాకీ గుండు. ఆ చట్టం మంచిదో కాదో నాకు తెలియదు. ఒక్క మనిషికి కూడా గీసుకుపోలేదన్న మాట మాత్రం అబద్ధం. నేను మనిషినే.

పరదా వెనక నేనున్న సంగతి నా భర్తకు తెలుసా అని మీరు అడిగారు. తెలుసు. రేకు కట్టి, పరదా కింద నుంచి రెండు గ్లాసులు లోపలికి తోసి, "బిరీన కడుగు" అన్నాడు. నేను "సరే" అన్నాను. ఆ తర్వాత పక్కకు జరిగి, కాల్చమని బాబాకు చెప్పాడు.

ఇదంతా నాకు జరిగినదే. ఎవరూ చెప్పి రాయించలేదు. ఏ మాటా కలపలేదు, ఏదీ దాచలేదు.

అయ్యా, ఒక్క మనవి. అరబ్బీలో రాసుకున్నాక ఈ కాగితం కాల్చేయండి. అరబ్బీ కాగితంలో నేను చెప్పింది చూపిస్తే, ఎవరో నాతో చెప్పించారని నా భర్త అనుకుంటాడు. ఇది చూస్తే నా రాత గుర్తుపడతాడు. నేను ఇంకా ఆయనతోనే ఉండాలి.

సంతకం: సాబేరా
17-2-2004, ఆసుపత్రి ఆడవాళ్ల వార్డు, రియాద్