వీరేష్ తిరగేసిన ఉర్లగడ్డ అట్టు

హరిత సంచీలో ఒక దరఖాస్తు ఉంది. స్పానిష్ నేర్పే రెండేళ్ల కోర్సుది. సాయంత్రం అయిదు లోపల అనంతపురంలో ఇవ్వాలి. తండ్రి సంతకం తప్ప అన్ని గళ్లూ నిండాయి.

సోమప్ప బండలు కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తెలియని కాగితం మీద సంతకం పెట్టడు. "ఆ భాష నేర్చినోడు ఎవడన్నా ఉంటే చూపియ్యి, అడుగుతా," అన్నాడు కూతురితో. బుక్కరాయసముద్రంలో అలాంటివాడు ఒక్కడే: జెరాక్సు అంగడి వీరేష్. ఏ ప్రశ్నకూ అతను చిన్న జవాబు చెప్పడని హరితకు తెలియదు.

మధ్యాహ్నం మూడు గంటలకు వీరేష్ బస్టాపు దగ్గర, తిప్పమ్మ టీ అంగడి బల్ల మీద దొరికాడు. పక్కన లారీ డ్రైవరు యేసన్న ఉన్నాడు.

"ఆ భాషతో ఏమొస్తాదప్పా?" అని అడిగాడు సోమప్ప.

వీరేష్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమొస్తాదా అన్నా? నాకు మొట్టమొదట ఉర్లగడ్డ అట్టు వచ్చె. మా పిలార్ టీచరమ్మ స్పెయిన్ నుంచి వచ్చినామె, పుస్తకాలు మూసేయండ్రా అనేది, చెయ్యి ఆడితేనే నోట్లో మాట ఆడతాదని గుడ్లు మాతోనే కొట్టించి, ఉర్లగడ్డలు మాతోనే తరిగించి, ఒక్కో పనికి ఒక్కో మాట చెప్పించేది. ఆ అట్టు రెండంగుళాల మందం, పళ్లెంలోకి బోర్లించి తిరగెయ్యల్ల. క్లాసులో పద్నాలుగు మందిమి, పదమూడు అట్లు నేల పాలాయె, నాదొక్కటి పున్నమి చంద్రుని మాదిరి దిగె. దాంట్లో నేను నాలుగు పచ్చిమిరపకాయలు, పిడికెడు వేరుశెనగ బుడ్డల పొడి వేసింటి. టీచరమ్మ తిని కండ్లనీళ్లు పెట్టుకునె."

"కారానికి పెట్టుకునింటాది," అన్నాడు యేసన్న.

"నువ్వుండప్పా! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? టీచరమ్మ వాళ్ల దేశానికి నాకు టికెట్టు వచ్చె. జులై నెల. విమానం దిగి ఊర్లోకి పోతే వీధి వీధంతా జనం పరుగెత్తుతాండారు, ఎనకాల ఎద్దులు. ఆడ పండగంటే అదే. ఒక్కో ఎద్దు అంబాసిడరు కారంత. అందరూ పారిపోయిరి, నేను నిలబడితి. మనం పశువును చూసి పరుగెత్తేటోళ్లమా అన్నా? 'నిలు నాయనా' అంటి. నిలబడె."

"తెలుగులోనా?" సోమప్ప అడిగాడు.

"తెలుగులో చెప్తే దానికేం తెలుస్తాది? స్పానిష్‌లో చెప్తి. భాష నేర్చుకునేది ఎందుకు మరి?"

సోమప్ప మీసం కొంచెం కదిలింది. హరిత అది చూసింది. తర్వాత గడియారం చూసింది. మూడున్నర.

"ఎద్దు నిలబడినాంక ఊరికే ఉండబుద్ధి కాలేదన్నా. రెండిటిని జత చేసి, కరెంటు స్తంభం పెరికి కాడి కట్టి, పార్కు గేటును గుంటక చేసి, ఆ బండల వీధి పొడుగునా దుక్కి చేసి, జేబులో ఉండే బుడ్డలు విత్తితి. ఎనిమిదో రోజుకు మొలక."

"బండల మీద మొలుస్తాయా వీరేషూ?"

"మన చేన్లు యాడుండాయి యేసన్నా, బండల మీద గాక?"

అందరూ నవ్వారు. పొయ్యి దగ్గర తిప్పమ్మ నవ్వలేదు.

"మొలిచె గానీ వాన లేదు. మోడాలు వస్తాండాయి, పోతాండాయి, ఇట్లనే." వీరేష్ పైకి చూపించాడు. గాలికి మేఘాలు తూర్పుకు పరుగెత్తుతున్నాయి. "ఆ ఊరోళ్లు నాతో అట్టు వేయించల్లని రెండు వేల గుడ్లు తెచ్చిరి. పెనం మన మార్కెట్టు యార్డంత. అంత అట్టుకు పళ్లెం యాడ తెస్తాం? ఎగరేస్తి. పోయె, పోయె, కంటికి కనపడకుండా పోయి మోడానికి తగిలె, మోడం పగిలె. మూడు దినాలు వాన! వానతో పాటు అట్టు ముక్కలు పడతాంటే ఊర్లో ఎవురూ పొయ్యి ముట్టియ్యలేదు."

"ఆ మోడం ముక్కొకటి జేబులో వేసుకొని రాకూడదా?" అన్నాడు యేసన్న.

"వేసుకొచ్చినా. గుంతకల్లు దాటినాంక ఆరిపోయె."

సోమప్ప లేచాడు. "పద పాపా. కోతలు కోసేటోళ్లు మా ఫ్యాక్టరీలోనే ఉండారు."

హరిత లేవలేదు. సంచీని ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"ఏ జులై వీరేషూ?" అంది తిప్పమ్మ, టీ వడపోస్తూ. "ఆ జులై అంతా నువ్వు ఈడనే, ఈ బల్ల మీదనే కూచుంటివి. మీ క్లాసుకు వంట చేసింది నేను, పెనం నాది. అట్టు నిజం. టికెట్టు వచ్చిండేది గూడా నిజం. పంపేదానికి మీ నాయన వేలిముద్ర కావల్లనిరి. తెలియని కాగితం మీద వేలు పెట్టనని కూచునె ఆయప్ప. టికెట్టు వాపసు పాయె."

యేసన్న తలవంచుకున్నాడు. వీరేష్ ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

సోమప్ప నిలబడే ఉన్నాడు. "మరి ఆ ఎద్దులు?"

"క్లాసులోనే అన్నా." వీరేష్ గొంతు ఇప్పుడు మామూలు మనిషి గొంతులా ఉంది. "టీచరమ్మ నేల మీద సుద్దముక్కతో వీధి గీసె. శ్రీరంగప్పని మావోడు నెత్తిన గంప పెట్టుకొని ఎద్దు ఆయె. మేము పరుగెత్తుకుంటా, నవ్వుకుంటా మాటలు నేర్చుకుంటిమి."

"ఎన్నేండ్లాయె?"

"ఇరవై రెండు."

"ఇంగా గుర్తుండాయా ఆ మాటలు?"

వీరేష్ గ్లాసు చూపించాడు. "వాసో." పొయ్యిలో మంట. "ఫువేగో." పైకి చూసి, కొంచెం ఆగి, "యూవియా," అన్నాడు.

"యూవియా," అంది హరిత, తనలో తాను. "అంటే?"

"వాన పాపా."

అనంతపురం బస్సు మలుపు దగ్గర హారన్ కొట్టింది. సోమప్ప వీరేష్ జేబులోంచి పెన్ను తీసుకున్నాడు. కాగితాన్ని బల్ల మీద పరిచి, టీ మరక పడని చోటు చూసి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. కూతురి చేతికిచ్చాడు.

"కోతలు కొయ్యల్లంటే," అన్నాడు, "నువ్వు మాత్రం పోయొచ్చి కొయ్యి."