తెమిర్కుల్ మాస్టారి వాగు పాఠం

ఈ కథ చెప్పుకునే రాత దేవుడు మనకి రాశాడు, కాస్త దగ్గరికి జరగండి.

ఎగువ కనుమ మీద మబ్బు ఎంత నల్లగా కమ్మిందంటే, బుర్మాకాన్ టీకొట్టులో పట్టపగలే దీపం వెలిగించాల్సొచ్చింది. ఆమె కొడుకూ కోడలూ, మనవరాలు అయ్‌సాదా ఆ మబ్బు కిందే ఉన్నారు, వేసవి మేతకి గొర్రెల్ని తోలుకెళ్ళి, వాగు పక్కన గుడారంలో. టీ పోస్తోందే గానీ ఆమె కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

"భయమెందుకక్కా?" అన్నాడు భూగోళం చెప్పే తెమిర్కుల్ మాస్టారు, బోర్సోక్, అదే నూనెలో వేయించిన రొట్టెముక్క, తేనెలో ముంచుతూ. "వరదొస్తే ఏం చెయ్యాలో పైనున్న పిల్లలకి నిన్ననే ఫోన్లో పాఠం పంపేశాగా! గ్రూపులో పాఠాలు చెప్పడం పట్నంలో పదిరోజులు నేర్పారు. నేను మూడోరోజుకల్లా నేర్పేవాళ్ళకే నేర్పాను."

"అబ్బో!" అన్నాడు ఎదురుగా టీ తాగుతున్న సాదిర్ తాత.

"ముందు ఇరవైమంది విన్నారు. టీ చల్లారేలోపు డెబ్బై! పాఠం పూర్తవకముందే జవాబులు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడారం గుంజకి వేలాడే ఫోన్లోంచి నా గొంతు వినపడగానే గొర్రెలు మేత మానేసి, వరసకట్టి గట్టెక్కాయట."

"మరి కుక్కలో?"

"అవి ముందే ఎక్కి నోట్సు రాసుకుంటున్నాయి. ఇంకా వినండి, ఇవాళ పొద్దున కొండమీంచి మంచుగడ్డ ఒకటి జారబోయి, నా మాట చెవినపడి, 'తప్పయిపోయింది మాస్టారూ' అని వచ్చిన దారినే వెనక్కెక్కిందట!"

అందరూ నవ్వారు. బుర్మాకాన్ నవ్వలేదు. కోతలని తెలుసు, కానీ అందులో ఆవగింజంతైనా నిజముంటే చాలనుకుంది. ఉరిమింది.

"మాస్టారూ, డెబ్బైమందీ ఏమని జవాబిచ్చారు?"

"ఏమనేమిటక్కా! అందరూ చాచిన చేతుల బొమ్మ పెట్టి 'ఆమీన్' అన్నారు. పిల్లల భక్తి అలాంటిది!"

బుర్మాకాన్ టీకెటిల్ కింద పెట్టేసింది. మన దగ్గర అలవాటు తెలిసిందే కదా, చనిపోయినవాళ్ళ పేర పెట్టిన గ్రూపులో పెద్దవాళ్ళ గొంతు వస్తే అది దువా, పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన అనుకుంటాం, చివరిదాకా వినకుండానే ఆమీన్ అని పెట్టి పనిలో పడిపోతాం. ఆమె కొంగుకి చేతులు తుడుచుకుని ఫోన్ తీసి చూసింది.

"నాయనా, నువ్వు పంపింది పిల్లలకి కాదు. పోయిన కాదిర్ తాత సంవత్సరీకం గ్రూపుకి. నేనూ వినకుండానే ఆమీన్ కొట్టాను. పిల్లలకి నీ పాఠం అందనేలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు పిల్లల గ్రూపు తెరిచాడు. ఖాళీ. ఫోన్ నోటిదగ్గర పెట్టుకుని, ఒక్క అదనపు మాట లేకుండా చెప్పాడు:

"పిల్లలూ, వాగు ఉన్నట్టుండి తగ్గిందంటే పైన మట్టి అడ్డం పడిందన్నమాట. అది తెగితే గుడారాలు మిగలవు. గొర్రెల్ని వదిలెయ్యండి. గట్టెక్కండి. ఇప్పుడే."

పంపిన మాట పక్కన ఒక టిక్కు. ఎంతసేపటికీ ఒకటే. తర్వాత రెండోది.

అయ్‌సాదా గొంతు వచ్చింది, వెనకాల వాన. "మాస్టారూ, వాగు ఇందాకే ఆగిపోయింది. అందరూ చేపలేరుకోడానికి దిగారు... ఒరేయ్, పైకి రండిరా! అమ్మా! పైకి!"

అక్కడితో తెగిపోయింది.

బుర్మాకాన్ నేలమీద చతికిలబడి అల్లాని పిలుస్తోంది. ఉరుము కాని చప్పుడొకటి కొండల్లోంచి దిగి కిటికీ అద్దాల్ని వణికించింది. మాస్టారు ఫోన్ చేశాడు, మళ్ళీ చేశాడు, మళ్ళీ. ఎన్నోసారికో కలిసింది. వానహోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఏమడగాలో తోచక ఆయన బడిలో హాజరు పిలిచినట్టు పిలిచాడు.

"తలాయ్?"

"ఉన్నాను!"

"నుర్‌పెరీ?"

"ఉన్నాను మాస్టారూ!"

పదిమంది పలికారు.

"అయ్‌సాదా?"

జవాబు లేదు.

"అయ్‌సాదా, తల్లీ?"

"ఉండండి మాస్టారూ," అంది పిల్ల రొప్పుతూ, "పెద్దవాళ్ళని లెక్కపెడుతున్నా. అమ్మ, నాన్న, కుమార్ బాబాయి... అందరం ఉన్నాం."