తగ్గిన నాలుగు కిలోలు

ఆ పక్క కౌంటర్‌కి వెళ్ళమనకండి బాబూ, అక్కణ్ణించే వస్తున్నాను. ఆవిడ మిమ్మల్నడగమంటుంది, మీరు ఆవిణ్ణి అడగమంటారు. పొద్దుట తొమ్మిదింటి నుంచీ ఇదే సరిపోయింది. ఇవాళ తేల్చందే ఈ కుర్చీలోంచి లేవను. కిరణ్‌కుమార్ అని కదూ, మెళ్ళో కార్డు మీద ఉంది? ఆసుపత్రి ఇన్సూరెన్సు డెస్కు అని గాజు మీద ఉంది. మరి నేను సరైన చోటికే వచ్చానుగా!

నా పేరు శౌరమ్మ. మాది గుణదల. సిస్టర్ల హాస్టల్లో వంట చేస్తాను. మా అమ్మాయి వినీలకి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ కోసం ఫిబ్రవరిలో పెట్టాం కాయితాలు. అదుగో, ఆ కింద ఎర్ర ఫైలు. ఆఁ, అదే. గుర్తొచ్చిందా? నాకు తెలుసు గుర్తొస్తుందని. నూట తొమ్మిది కిలోల పిల్లని ఎవరు మర్చిపోతారు లెండి.

మొన్న ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో రెండు పేజీలు. మా హాస్టల్ వార్డెన్ డయానా సిస్టర్ చదివి, కళ్ళజోడు తీసేసి, "శౌరమ్మా, ఇవ్వరంట" అంది. రెండు పేజీలకీ అదే అర్థం.

నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. ఎత్తూ బరువూ కలిపి మీరేదో అంకె కడతారు. అది నలభై దాటితే డబ్బు ఇస్తారు. మా పిల్లకి నలభై దాటాలంటే నూట ఆరున్నర కిలోలుండాలి. ఫిబ్రవరిలో నూట తొమ్మిది ఉంది. మీరే చూసి, "ఇబ్బందేం లేదమ్మా, వచ్చేస్తుంది" అన్నారు. అన్నారా లేదా? ఆపరేషన్ ముందు మళ్ళీ తూస్తే నూట అయిదుంది. కిలోన్నర తక్కువైందని మొత్తం కొట్టేశారు. కిలోన్నరండీ! మా హాస్టల్లో ఒక్క పూటకి తరిగే వంకాయలు అంతకంటే ఎక్కువ.

ఏంటీ? నెమ్మదిగానా? నెమ్మదిగానే ఉన్నాను. నా గొంతే అంత. వందమంది పిల్లల్ని భోజనానికి పిలిచే గొంతు.

నలభై లేకపోతే ముప్పై అయిదున్నా ఇస్తారంట, కాకపోతే షుగర్ ఉండాలంట. ఉంది కదయ్యా అంటే, కంట్రోల్లో ఉంది కాబట్టి లెక్కలోకి రాదంట! ఎట్టా ఉంది కంట్రోల్లో? నేను రోజూ పొద్దున్నే మెంతులు నానబెట్టి, కాకరకాయ రసం పిండి తాగించి, మాత్ర తప్పకుండా మింగిస్తే ఉంది. మందులు మానేసి, కాలు పుండైతే, అప్పుడు రమ్మంటారా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని, సరిగ్గా మీలాంటి వాళ్ళని చూసే అని ఉంటారు పెద్దోళ్ళు.

మిమ్మల్ని కాదులే బాబూ. మీరు జీతగాళ్ళు. కంపెనీని అంటున్నాను. ఆ కంపెనీకి మొహం లేదుగా, మీకుంది. అందుకని మీకు తగుల్తున్నాయి.

మా ఆయన జాన్సన్ లారీ డ్రైవరు. పోయే ముందు కట్టించిన పాలసీ ఇది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఒక్క ఏడు కట్టడం తప్పితే ఒట్టు. పోయినేడు గ్యాస్ కొనకుండా కలప అడితీ నుంచి రంపపు పొట్టు తెచ్చుకుని వండుకున్నాం గానీ, ఇది మాత్రం కట్టాం. ఒప్పుకున్నా కూడా ఆ కుట్లేసే స్టేప్లర్‌కి డెబ్భై వేలు మేమే పెట్టుకోవాలని చెప్పింది మీరే. దానికి నా గొలుసు అమ్మేశాను. ఇప్పుడు మొత్తం నాలుగున్నర లక్షలు చేతి నుంచి పెట్టుకోమంటే, నాకు నెలకి పదమూడు వేలు. అదెంతకాలమో మీరే వెయ్యండి లెక్క. మీకు లెక్కలు బాగా వచ్చుగా.

ఒంటి సోకు కోసం కాదండీ ఇది. నా కూతురు బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లో చేస్తుంది. చీర విప్పి భుజాన వేసుకుని చూపించిందంటే కొనకుండా లేచిన మనిషి లేదు. పోయినేడు ఓనరు ఆదిశేషయ్య గారు పైన గోడౌన్‌కి మార్చారు. మూడంతస్తులు. లిఫ్టు లేదు. "కస్టమర్లకి దారి ఇరుకవుతోందమ్మా" అన్నాడంట, నవ్వుతూనే. మోకాళ్ళు అరిగిపోయాయి దానికి, ఇరవై తొమ్మిదేళ్ళకి. బరువు తగ్గకపోతే రెండేళ్ళలో మంచం పడుతుందని ఇక్కడి డాక్టరమ్మే చెప్పింది. నేనున్నంతవరకూ ఎత్తి కూర్చోబెడతాను. తర్వాత?

ఎందుకు తగ్గిందా? ఆ నాలుగు కిలోలా?

అడిగారూ! ఆ ఉత్తరంలో కూడా అదే రాశారంట. ఆహార నియమం వల్ల బరువు తగ్గుతోంది కాబట్టి ఆపరేషన్ అవసరం కనబడట్లేదని. నియమం అంట! ఏ నియమమో తెలుసా? నలభై రోజుల ఉపవాసం. మా తపస్సు కాలం. విభూది బుధవారం నాడు కొండ కింద మరియమ్మ తల్లి ముందు నిలబడి మొక్కుకున్నాను. తల్లీ, ఇన్సూరెన్సు ఒప్పుకునేట్టు చెయ్యి, నేనూ నా కూతురూ ఈ నలభై రోజులూ ఒంటిపూట ఉంటాం, ఆపరేషన్ అయ్యాక దాన్ని నడిపించుకుంటూ కొండెక్కి కొబ్బరికాయ కొడతాం అని.

మొక్కింది దేనికి? ఇన్సూరెన్సు కోసం. ఇన్సూరెన్సు పోయింది దేనివల్ల? ఆ మొక్కు వల్ల. నవ్వొస్తే నవ్వండి, ఫర్లేదు. డయానా సిస్టరు కూడా నవ్వబోయి ఆపుకుంది.

మీ డాక్టరమ్మ ఆపరేషన్ మార్చిలోనే పెడతానంది. నేనే ఈస్టరు పండగ అయ్యాక అన్నాను. ప్రభువు శ్రమల రోజుల్లో కత్తి పెట్టించుకోవడం ఏంటని. గుడ్ ఫ్రైడే ముందురోజు గురువారం వచ్చి తూయించుకోమన్నారు. నర్సు పిల్ల ఫోన్లో చెప్పింది కూడా, "టిఫిన్ చేసి రండమ్మా" అని. పెద్ద గురువారం నాడు పొద్దున్నే టిఫినేంటి? మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు దాన్ని. కాటా మీద నూట అయిదు అని పడగానే చప్పట్లు కొట్టింది పిచ్చిది. "అమ్మా, నాలుగు తగ్గానే!" అని. పుట్టి బుద్ధెరిగాక కాటా ముల్లు కిందకి రావడం అదే మొదటిసారి. నేనూ ముద్దు పెట్టుకున్నాను.

తెలీదండీ. తెలిస్తే రాళ్ళు కట్టి తెచ్చేదాన్ని.

ఆఁ? మళ్ళీ రెండు కిలోలు పెంచుకుని రమ్మంటారా? మళ్ళీ పెడితే చూస్తారా? ఇంత మెల్లిగా చెబుతున్నారేం? ఓహో. ఎవరూ వినకూడదనా.

అంటే ఇప్పుడు నేను తినిపించాలి. వినండి, మీకొకటి చెబుతాను. ఫాదర్‌ గారికి కూడా చెప్పలేదు ఇది. ఆ గురువారానికి ముందు, మట్టల ఆదివారం నాడు గుళ్ళోంచి నేను ముందుగా ఇంటికొచ్చాను. వంటింట్లో నేల మీద కూర్చుని తింటోంది. చద్దన్నం, మాగాయ, పక్కింటి బుల్లెమ్మ ఇచ్చిన గారెలు నాలుగు. నన్ను చూసి కంచం చీరకొంగు కింద దాచుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళది! నాకు ఒళ్ళు తెలీలేదు. చెంప మీద కొట్టాను. "నీ తిండే కదే నిన్నిట్టా చేసింది, సిగ్గులేదా, మొక్కు చెడగొడతావా" అన్నాను. కంచం తీసుకెళ్ళి కాలవలో పారబోశాను. అది ఏడవలేదు. మూతి తుడుచుకుని లేచింది. ఆ రోజు నుంచీ గురువారం దాకా మంచినీళ్ళూ మజ్జిగే.

ఆ పూట దాన్ని తిననిచ్చి ఉంటే? ఆ తర్వాత నాలుగు రోజులు కడుపుకింత పెట్టి ఉంటే? చెప్పండి బాబూ, కిలోన్నర వచ్చేది కాదూ? మీ కంపెనీని తిట్టడానికి వచ్చాను గానీ, కొట్టేసింది కంపెనీ ఒక్కటే కాదు.

సరే, ఆ ఫారం ఇవ్వండి. ఇక్కడే సంతకం పెడతాను. నలభై రోజులు గడువా? మళ్ళీ నలభయ్యేనా? బాగుంది.

మా పిల్ల బయట బెంచీ మీదే ఉంది. ఈ క్యారియర్లో ముద్దపప్పూ, గడ్డపెరుగూ, గారెలు కూడా వేసి తెచ్చాను, మీరీ మాటే అంటారని నా మనసుకి తెలిసే కాబోలు. ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ అది అన్నం ముట్టట్లేదండీ. నిన్న కంచం పెడితే నా మొహంలోకి చూసి, "ముందు చెప్పమ్మా, తినాలా, మానాలా? నువ్వేదంటే అదే" అంది.

వెళ్తాను. తినమనే చెబుతాను. ఈ నోటితోనే.